కొంగ కనబడేదాకా

సోఫియా, ల్యూలిన్
2020 మార్చి 17

మింకోకి,

ఫోనులో నీతో మాట్లాడటం నావల్ల కాదని నిన్నటితో తేలిపోయింది. "మందులు వేసుకున్నావా?" అంటే "ఆ, కోళ్లు బాగున్నాయి" అన్నావు. నేను అరిచిన అరుపుకి పై అంతస్తు వాళ్లు వచ్చి తలుపు కొట్టారు. రంపపు మిల్లు నీ చెవుల్ని తినేసింది, సరే. కళ్లు ఇంకా ఉన్నాయి కదా, వాటితో చదువుకో. నువ్వు సైన్యంలో ఉన్నప్పుడు రాసిన తరవాత నీకు ఉత్తరం రాయడం ఇదే. అప్పుడు నా అక్షరాలు గుండ్రంగా ఉండేవి.

వారం అని చెప్పి వచ్చాను. ఇప్పుడు బడులు మూశారు, దుకాణాలు మూశారు. నేను సంచీ సర్దుకుంటే మన అమ్మాయి లాక్కుంది. "అరవై ఏడేళ్ల మనిషివి, బస్సు నిండా దగ్గులు. కూర్చో అమ్మా!" అంది జోర్నిత్స. ఆవిడ మాత్రం రోజూ ట్రాము నడపడానికి వెళ్తుంది. ఖాళీ ట్రామట. ఎక్కేవాళ్లు లేకపోయినా ప్రతి స్టాపులోనూ ఆపి, తలుపులు తెరిచి, కాసేపు ఆగి, గంట కొట్టి కదులుతుందట. "ఎవరికి కొడుతున్నావే గంట?" అంటే "ఏమో, గాలి ఎక్కి దిగుతోందేమో" అంటుంది. ఇంటికొచ్చి మెట్ల దగ్గరే బట్టలు మార్చుకుంటుంది.

అల్లుడు ప్లామెన్‌కి ఆఫీసు పని ఇంట్లోనే. ఉన్న రెండు గదుల్లో ఒకదాంట్లో కలీనా బడి నడుస్తోంది, కంప్యూటరు తెర మీద ఇరవై ఆరుగురు పిల్లలు ఒకేసారి గోల. అందుకని ఆయన స్నానాల తొట్టెలో దిండు వేసుకుని కూర్చుని పని చేస్తాడు. ఎవరికైనా అవసరం పడితే ముందుగా చెప్పుకోవాలి. నా మంచం అద్దాలు బిగించిన బాల్కనీలో. కింద ఆవరణలో ఒక ప్లమ్ చెట్టు ఉంది, ఇంకా మొగ్గ మీదే ఉంది.

కలీనా నా చేతి దారాన్ని తిప్పి తిప్పి చూస్తోంది. చెప్పాను: మార్చి ఒకటిన ఎర్ర తెల్ల దారం కట్టుకుంటే కొంగనో, పూసిన చెట్టునో చూసేదాకా విప్పకూడదు, మన ఊళ్లో చలికి పువ్వుల కంటే కొంగే ముందొస్తుంది, మీ తాతయ్యా నేనూ గేటు ముందు నిలబడి స్తంభం మీది గూట్లో దాన్ని ఇద్దరం కలిసే చూస్తాం, నలభై నాలుగేళ్లుగా అంతే అని. "విప్పాక ఎక్కడ కడతారు అమ్మమ్మా?" అంది.

ఏటా మన దారాలు కట్టే ఆ చెర్రీ చెట్టుని నువ్వు నరికేశావని ఏడేళ్ల పిల్లకి ఎలా చెప్పను?

పచ్చడి జాడీలు నేలమాళిగలో కుడి వైపు ఉన్నాయి. మూత తిప్పి తియ్యి, పగలగొట్టకు.

వెలిచ్కా


దోల్న లివాద
మార్చి 23

వెలిచ్కా,

ఉత్తరం అందింది. కోళ్లు బాగున్నాయి. మందులు కూడా వేసుకున్నాను.

చిక్కుడు గింజలు మూడు గంటలు ఉడకబెట్టాను. ఉడకలేదు. పక్కింటి గిన్కా ప్రహరీ మీదుగా చూసి, ముందు రోజే నానబెట్టాలి అంది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

మేయరు కారుకి మైకు కట్టుకుని ఊరంతా తిరిగాడు. నాకేం వినబడలేదు. చెయ్యి ఊపాను. ఆయనా చెయ్యి ఊపాడు. అందరూ ఇళ్లల్లో ఉండాలని చెప్పాడట. ముసలాళ్లం ఇప్పుడు ఎవరి గేటు ముందు బల్ల మీద వాళ్లం కూర్చుని వీధి పొడవునా అరుచుకుంటున్నాం. వాళ్లకు కొత్త. నాకు ఎప్పుడూ ఇంతే.

గూడు ఖాళీగానే ఉంది. రోజూ చూస్తున్నాను.

ఉప్పు కోసం వెతుకుతూ నీ బట్టల అలమర తెరిచాను. వారానికని వెళ్లిన మనిషి రెండు వేసవి బ్లౌజులు ఎందుకు పట్టుకెళ్లిందో అర్థం కాలేదు. అడగడం లేదు. రాస్తున్నానంతే.

మింకో


సోఫియా
మార్చి 30

అడగకుండా అడిగే మింకోకి,

ఉప్పు కోసం బట్టల అలమరలో వెతికే మగాడు లోకంలో నువ్వొక్కడివే. నా బ్లౌజుల గురించి ఇంత జాగ్రత్తగా ఆలోచించావు. చెట్టు మీద రంపం పెట్టేటప్పుడు ఇందులో సగం ఆలోచించావా? నేను సంతకి వెళ్లి వచ్చేసరికి మొద్దు మిగిలింది. దాని కొమ్మలకి మన దారాలు నలభై మూడు వసంతాలవి ఉండేవి, వెలిసిపోయి, ఒకదాని మీద ఒకటి. జోర్నిత్స పుట్టిన ఏడాదిది, మీ అమ్మ పోయిన ఏడాదిది. ఆ వారమంతా నీతో మాట్లాడలేదు. మార్చి ఒకటిన మాత్రం నీ చేతికి దారం కట్టాను, నువ్వు నా చేతికి కట్టావు, ఇద్దరం పెదవి విప్పకుండా. ఎందుకు కట్టానో నాకే తెలియదు. చేతులకి అలవాటు.

సరే, ఆ గొడవ వదిలేస్తాను. ఇప్పుడు నగరం చుట్టూ పోలీసులు నిలబడ్డారు, కాగితం లేకుండా ఎవరినీ బయటికి పోనివ్వరు. ముసలాళ్లకి దుకాణంలోకి పొద్దున రెండు గంటలే. జోర్నిత్స అది కూడా పోనివ్వదు.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. నిన్న పొద్దున కలీనా బాల్కనీ అద్దం దగ్గరికి పరుగెత్తి, వెంటనే వెనక్కి తిరిగి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. "అమ్మమ్మా, కళ్లు మూసుకో! ప్లమ్ చెట్టు పూసేసింది!" మూసుకున్నాను. దాన్ని చూస్తే దారం విప్పాల్సిందే కదా. కొంగను నీ పక్కన చూసి విప్పేదాన్ని, ఏడో అంతస్తులోంచి ఎవరిదో చెట్టు చూసి విప్పుకోనా? జోర్నిత్స పాత దుప్పటి తెచ్చి అద్దాలకి కట్టింది. "మా అమ్మకి పిచ్చి ముదిరింది" అని నవ్వుతూనే మేకులు కొట్టింది. సాయంత్రం తను ట్రాము డిపో దగ్గరి పూసిన కొమ్మ ఒకటి జేబులో మరిచిపోయి వస్తే, ప్లామెన్ దాన్ని తువ్వాలులో చుట్టి తొట్టె గదిలో దాచాడు. ఇప్పుడు ఇల్లంతా నాకోసం వసంతాన్ని దాస్తున్నారు.

దుప్పటి వెనక వెలుగు పాలలాగా ఉంటుంది. మధ్యాహ్నం పడుకుంటే ఎక్కడున్నానో తెలియదు. విమానాలు లేవు, కార్లు లేవు, ఎక్కడో దూరంగా అమ్మాయి ట్రాము గంట మాత్రం వినిపిస్తుంది. అది ఏ ట్రాము గంటో, మన అమ్మాయి వేళ అవునో కాదో, నేను మాత్రం తనదే అనుకుంటాను. నిన్న కలలో కొంగ లిఫ్టులో పైకొచ్చింది. తలుపు తెరుచుకుంటే నిలబడి ఉంది, ముక్కున పుల్ల పట్టుకుని, ఏ అంతస్తో అడగడానికి మొహమాటపడుతున్నట్టు. ఏడు అని చెప్పాను. దిగకుండా నన్ను చూస్తూ నిలబడింది, తలుపులు మూసుకున్నాయి. లేచాక చాలాసేపు దిగులుగా అనిపించింది.

ప్లామెన్ నా మంచం పక్కన గోడకి ఒక అర బిగించాడు, కళ్లద్దాలూ మందులూ పెట్టుకోవడానికి. మంచి కుర్రాడు, తొట్టెలో కూర్చున్నా.

గూటి సంగతి రాయి. వెంటనే రాయి.

వెలిచ్కా


దోల్న లివాద
ఏప్రిల్ 5

వెలిచ్కా,

ఎక్కువ రాయలేను. చేతుల నిండా మైనం.

గింజలు నానబెట్టాను. ఈసారి ఉడికాయి. ఉప్పు వెయ్యలేదు. దొరకలేదు.

గూటి సంగతి తరవాత రాస్తాను.

అర బిగించిన అల్లుడికి నా మెచ్చుకోలు చెప్పు. ఎన్ని మేకులు కొట్టాడు? కొన్నాళ్లకే అయితే రెండు చాలు.

మింకో


దోల్న లివాద
ఏప్రిల్ 13

వెలిచ్కా,

గిన్కా ఫోనులో నీతో మాట్లాడానని చెప్పింది. జోర్నిత్స నిన్ను శరత్కాలం దాకా పంపదట. కలీనా బడికి నువ్వు కావాలట. గిన్కా అరవకుండా చెప్పింది, అయినా నాకు పూర్తిగా వినబడింది.

ఇప్పుడు బ్లౌజుల సంగతి అర్థమైంది.

ఉండాలనుకుంటే ఉండు. అక్కడ పిల్ల ఉంది, వేడి నీళ్లు ఉన్నాయి, అర ఉంది. నాకు వంట వచ్చేసింది. ఉప్పు కూడా దొరికింది, పిండి డబ్బాలో.

ఈస్టరుకి గుడ్లకి రంగు ఎలా వెయ్యాలో గిన్కాని అడుగుతాను.

మింకో


సోఫియా
ఏప్రిల్ 14

మింకో,

ఈసారి కుశల ప్రశ్నలు లేవు.

నిన్న గిన్కా ఫోను చేసింది. కొంగ వచ్చి పద్దెనిమిది రోజులైందట! మార్చి ఇరవై ఏడునే వచ్చిందట. నువ్వు గేటు ముందు నిలబడి చూడటం ఆవిడ చూసిందట. ఆ తరవాత నాకు ఉత్తరం రాశావు, గూటి సంగతి తరవాత అని నీళ్లు నమిలావు. పైగా ఇంకో మాట. "వెలిచ్కా, చెప్పొచ్చో లేదో గానీ, మీ ఆయన బావి దగ్గర చేతులు కడుక్కుంటుంటే చూశాను, మణికట్టు బోసిగా ఉంది. దారం లేదు. ఎన్నడూ లేనిది, కొంచెం బాధేసింది" అంది. గిన్కాకి బాధేసిందట. నాకెలా ఉంటుందో నువ్వే చెప్పు.

నేను ఇక్కడ పదిహేను రోజులుగా కిటికీకి దుప్పటి కట్టుకుని, ఒక్క పువ్వు కూడా కంటబడకుండా, వంటింట్లోకి వెళ్లాలంటే కలీనా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని నడుస్తున్నాను. దారం గిన్నెలు కడిగి కడిగి నల్లబడింది. తడి ఆరక చర్మం దురద పెడుతోంది. అయినా విప్పలేదు. నీ దారి నువ్వు చూసుకున్నావు. ముందు చెట్టు, ఇప్పుడు దారం. నన్ను అడగక్కర్లేదు, నాకు చెప్పక్కర్లేదు.

జోర్నిత్స శరత్కాలం దాకా ఉండమంటోంది. ఇన్నాళ్లూ వద్దు, మీ నాన్న ఒక్కడే ఉన్నాడు అంటూ వచ్చాను. ఇక ఆ మాట అనను. ఉంటాను.

కొంగ నిలబడి కనబడిందా, ఎగురుతూ కనబడిందా అని నేను అడగను. నిలబడే కనబడి ఉంటుంది. నిలబడ్డ కొంగని చూసినవాడు ఏడాదంతా ఉన్నచోటే ఉంటాడంటారు కదా, కదలకుండా కూర్చో.

వెలిచ్కా


దోల్న లివాద
ఏప్రిల్ 22

వెలిచ్కా,

క్రీస్తు లేచాడు. మూడు రోజులు ఆలస్యంగా చెబుతున్నాను.

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా వెళ్లిపోయినట్టున్నాయి. నీది గేటు దగ్గర ఒకసారి చదివాను. బావి దగ్గర ఇంకోసారి చదివాను. ఆ తరవాత ఇది రాయడానికి కూర్చున్నాను.

నాకు రాయడం రాదు. మొదటినుంచి వరసగా చెబుతాను.

చెట్టు లోపల చచ్చిపోయింది. ఫిబ్రవరి గాలికి కొమ్మ విరిగినప్పుడు చూశాను, కాండమంతా గుల్ల. ఇంకో గాలి వస్తే వంటపాక మీద పడేది. వేసవంతా నువ్వు ఆ పాకలోనే ఉంటావు. నీకు చెబితే ఏడుస్తావు. నీ ఏడుపు చూడలేనని, నువ్వు సంతకి వెళ్లిన రోజు చూసి నరికాను. అది పిరికివాడి పని. ముప్పై ఏళ్లు మిల్లులో చెట్లు కోసిన మనిషిని, అడిగి కొయ్యడం అలవాటు లేదు. తప్పు నాదే. అప్పుడే చెప్పాల్సింది. నువ్వు మాట్లాడలేదు, నేను అదే అదను చేసుకున్నాను.

దారాలున్న కొమ్మలు కాల్చలేదు. కొట్టం అటక మీద ఉన్నాయి.

నరికిన రోజే పై కొమ్మల్లోంచి బతికున్న పుల్లలు మూడు కోశాను. తడి గోనెలో చుట్టి, నేలమాళిగలో బంగాళాదుంపల వెనక దాచాను. నీకు చెప్పలేదు. అంటు పట్టకపోతే నీకు ఆ చెట్టు రెండుసార్లు చచ్చినట్టవుతుంది.

కొంగ మార్చి ఇరవై ఏడున మధ్యాహ్నం వచ్చింది. నిలబడే కనబడింది, నువ్వన్నట్టే, ఒంటికాలి మీద. ఒక్కటే వచ్చింది. గేటు ముందు నిలబడి, అలవాటు ప్రకారం నీకు చూపించడానికి పక్కకి తిరిగాను. గిన్కా కనబడింది. కొంగ వచ్చిందని రాయడానికి కూర్చుంటే, నువ్వు లేకుండానే వచ్చిందని రాసినట్టు ఉంది. అందుకే రాయలేదు.

ఏప్రిల్ మూడున పెరటి గోడ దగ్గరి అడవి చెర్రీ మొక్కని కోసి రెండు పుల్లలు అంటు కట్టాను. మూడోది చేతిలోనే విరిగింది. మొదటిదానికి పురికొస చుట్టాను. గట్టిగా ఉంది, మొక్క లావెక్కితే కోసుకుపోతుంది. రెండోదానికి మెత్తటిది కావాలి. ఊలు అయితే మొక్కతో పాటు సాగుతుంది. నా చేతి వైపు చూశాను.

నువ్వు వేసిన ముడి. కత్తి పెట్టబుద్ధి కాలేదు. పళ్లతో విప్పాను, ఉన్న నాలుగు పళ్లతో. అరగంట పట్టింది. దాంతోనే కట్టి, పైన మైనం పూశాను. దారం నేను పారెయ్యలేదు వెలిచ్కా. అది చెట్టు మీదే ఉంది. మన చెట్టు మీదే.

ఈస్టరు పొద్దున చూస్తే దారం కట్టినదానికి నాలుగు ఆకులు వచ్చాయి. గోరంత ఆకులు. టోపీ తీసి నిలబడ్డాను. అప్పుడే రాయాల్సింది, కానీ నా పదమూడో తేదీ ఉత్తరం నీకు అందిందని, నువ్వు ఉండిపోతావని అనుకున్నాను.

మొదటి అంటు కూడా బతికింది, కానీ పురికొస బిగుసుకుపోతోంది. రెండు వారాలు ఆగుతుంది, ఆ పైన ఆగదు. విప్పి మెత్తటి దారం కట్టాలి. నీ బుట్టలో ఆరు రంగుల ఊలు ఉంది. కట్టొచ్చు. కట్టలేదు.

ఆడ కొంగ ఏప్రిల్ తొమ్మిదిన వచ్చింది. వచ్చీ రాగానే, మగది పదమూడు రోజులు కష్టపడి పేర్చుకున్న పుల్లల్లో సగం తీసి కింద పారేసింది. మగది పక్కకి జరిగి నిలబడింది. అప్పుడు నాకు కాస్త ప్రాణం కుదుటపడింది.

ఇదివరకు అడగడం లేదని రాశాను. ఇప్పుడు అడుగుతున్నాను. తిరిగి వస్తావా?

మింకో


సోఫియా
మే 3

నా మొండి మింకోకి,

ఆరో తేదీ నుంచి దారులు తెరుస్తారట, జోర్నిత్సకి డిపోలో చెప్పారు. ఏడో తేదీ మొదటి బస్సుకి నా టిక్కెట్టు. ఈ ఉత్తరం కంటే నేనే ముందొచ్చేస్తానేమో. అయినా రాస్తున్నాను, ఎదురుగా ఉంటే ఇవి చెప్పను. ఎదురుగా ఉంటే నిన్ను తిట్టడానికే సరిపోతుంది.

నీ ఉత్తరం తొట్టె గదిలో గడియ పెట్టుకుని చదివాను. ప్లామెన్‌కి మీటింగు ఉంది, పాపం తలుపు బయట కంప్యూటరు పట్టుకుని నిలబడ్డాడు. నా ఏడుపు విని కలీనా తలుపు కింద నుంచి చాక్లెట్ తోసింది. నువ్వు చూడలేనన్న ఏడుపు ఇక్కడ ముగ్గురూ విన్నారు, ఎవరూ చచ్చిపోలేదు. ఇంకోసారి చెట్టు చచ్చినా, ఎవరు చచ్చినా, ముందు నాకు చెప్పు. ఏడవనీ. ఏడ్చాక నేనే నీకు నిచ్చెన పట్టుకుంటాను.

బ్లౌజుల సంగతి. పోయిన చలికాలం ఈ ఇంట్లో రేడియేటర్ల వేడికి చెమటతో తడిసి ముద్దయ్యాను, అందుకని తెచ్చుకున్నాను. అంతే. నలభై నాలుగేళ్ల కాపురాన్ని రెండు బ్లౌజులతో కొలిచావు.

కానీ నువ్వు దాచకుండా రాశావు కనక నేనూ దాచను. మార్చి ఎనిమిదిన బస్సెక్కినప్పుడు తిరిగి వస్తానో రానో నాకు నిజంగా తెలియదు. వారం అని నీకు చెప్పాను, నాకు నేను ఏమీ చెప్పుకోలేదు. చెట్టు నరికిన రోజు ఆ మొద్దు ఎదురుగా మొక్కజొన్న పిండిలా రంపపు పొట్టు, నువ్వు దాన్ని చీపురుతో ఊడుస్తున్నావు, ఒక్క మాట లేదు. ఈ మనిషితో ఇక నాకేం మాటలు అనుకున్నాను. ఇక్కడికొచ్చాక దుప్పటి వెనక ఆ పాల వెలుగులో పడుకుని రోజూ అదే ఆలోచించాను. అడుగు అడుగుకీ కళ్లు మూసుకుని తిరుగుతున్నప్పుడు ఒక రోజు తట్టింది, తిరిగి రాని మనిషికి పువ్వు కనబడితే ఏమిటి భయం అని. అప్పటినుంచి తెలుసు.

ఇవాళ జోర్నిత్స మేకులు పీకి దుప్పటి తీసింది. ప్లమ్ చెట్టు మొత్తం పచ్చగా ఉంది, కాయలు చిన్న చిన్న గుండీల్లా ఉన్నాయి. ఒక్క పువ్వు లేదు. వసంతం నా కిటికీ ముందునుంచే నడిచి వెళ్లిపోయింది, నేను మొహం కూడా చూడలేదు. ఏమీ పోగొట్టుకున్నట్టు లేదు. కలీనా ఆ చెట్టుని రోజుకొక బొమ్మ వేసి నా మంచం కింద దాచిందట. చుట్ట చుట్టి నాకిచ్చింది. "కొంగని చూశాకే విప్పాలి అమ్మమ్మా, తాతయ్యతో కలిసి. నువ్వు చూడనివన్నీ ఇందులో ఉన్నాయి" అంది. సంచీలో అన్నిటికంటే పైన పెట్టుకున్నాను.

జోర్నిత్స గుమ్మం దగ్గర నిలబడి, "అరని ఏం చెయ్యమంటావు అమ్మా?" అంది. ఉంచమన్నాను. మన పెరటి కాయల కోత అయ్యాక నువ్వూ నేనూ కలిసి వస్తాం కదా, నీ కళ్లద్దాలు ఎక్కడ పెడతావు? ప్లామెన్ నాలుగు మేకులు కొట్టాడు, నీ బరువైన అద్దాలు కూడా ఆగుతాయి.

బస్టాండుకి రాకు, గుంపులో నిలబడకు. గేటు దగ్గర ఉండు. నేను స్తంభం వైపు చూడకుండా తల దించుకునే వస్తాను. నీ పక్కన నిలబడ్డాక, నువ్వు చెప్పాక తల ఎత్తుతాను. ఆ తరవాత నేరుగా పెరట్లోకి. అంటుకి పురికొస నేను వచ్చేదాకా విప్పకు, మొక్క వదులైపోతుంది. నీళ్లూ మైనమూ సిద్ధం చేసి ఉంచు.

దారం నా చేతికే ఉంది. రెండుసార్లు నానబెట్టి చూశాను, ముడి రాలేదు. జోర్నిత్స కత్తెర తెస్తే వెనక్కి పంపాను. మార్చి ఒకటిన ఒక్క మాట మాట్లాడకుండా ఇంత గట్టిగా బిగించావేం మింకో? నా పళ్లన్నీ ఉన్నాయి గానీ, నేను విప్పను. నీకున్న ఆ నాలుగూ కాపాడుకో.

నీ వెలిచ్కా